పైనీరు

ఒడియా బడి పుస్తకంలో దాని పేరు స్రోతొ.
మా ఇంట్లో దాన్ని ఈడుపు అంటాం.
రెండు మాటల మధ్య నా కూతురు పైడిరత్నం
పాఠాన్ని వేలితో నెట్టుకుంటూ తెలుగులోకి తెస్తోంది,
ఇసకలోంచి తెప్పని నీళ్ళలోకి దింపినట్టు.

"ఉత్తరాన మంచు సముద్రం ఉందంటమ్మా.
అక్కడ నీళ్ళు చల్లబడి, ఉప్పెక్కి, బరువై
అడుగుకి దిగిపోతాయంట.
దిగినవాటి చోటుకి వేరే నీళ్ళు నడిచొస్తాయంట.
అలా ఒక చుట్టు తిరగడానికి వెయ్యేళ్ళంట."

వెయ్యేళ్ళు!
నా పెళ్ళయ్యాకే సోనాపురంలో మా వీధి
మూడుసార్లు వెనక్కి జరిగింది.
నాకు తెలిసిన ఈడుపు ఏడాదికి రెండుసార్లు మొహం తిప్పుతుంది:
శివరాత్రి దాటాక గోపాలపురం దీపం వైపు,
దీపావళి ముందు ఇచ్ఛాపురం, బారువ వైపు.
అది ఏ రాష్ట్రం నీళ్ళో ఎవరూ అడగరు.
వల అటు కొట్టుకుపోతే మాత్రం అడుగుతారు.

ఐదు మార్కుల ప్రశ్నంట:
చెత్త పెరిగితే, మంచు కరిగితే, స్రోతొ ఆగుతుందా?

చెత్త సంగతి కూచునే చెప్పేశాను.
బాహుదా మొగలో సంచులు, చెప్పులు, సెలైను సీసాలు
ఎన్నేళ్ళుగా చూడటం లేదు?
చెత్త ఈడుపుని ఆపలేదే, ఈడుపే చెత్తని మోస్తుంది.
నెత్తిన గంప నన్నెప్పుడైనా ఆపిందా?
వల చింపుతుంది, తాబేలు గొంతుకి అడ్డం పడుతుంది,
అది వేరే పాపం.
"పొగ కూడా చెత్తేనంట" అంది పిల్ల.
"పొగకి వేడి, వేడికి మంచు…"
నేను పొయ్యి వైపు చూశాను.
తర్వాత, దూరంగా లైట్లేసుకుని
వంతు కోసం నిలబడ్డ బొగ్గు ఓడ వైపు.

మంచు సంగతికి మాత్రం
పిల్లని పెరట్లో ఉప్పుతొట్టి దగ్గరికి తీసుకెళ్ళాను.
పోయిన కార్తీకంలో, వాయుగుండం రాత్రి,
దీని మీద తాటాకు కప్పడం మర్చిపోయాను.
నాలుగు గంపల కవ్వళ్ళు, రెండు బస్తాల ఉప్పు.
తెల్లారి వేలు ముంచి నాలిక మీద పెట్టుకుంటే
చప్పటి నీళ్ళు.
మోచెయ్యి దాకా దించితే
గోటి పక్క కోతల్ని కొరికే ఉప్పు.
గోడ చాటు తొట్టి, గాలి సోకలేదు, రెండూ కలవలేదు.
పిలవని పేరంటానికొచ్చి పీట వేసుకున్నట్టు
వాననీరు పైనే కూచుంది.
పైవరస చేపంతా కుళ్ళింది.

"మంచునీళ్ళు చప్పనే కదే.
తేలికవి, దిగవు.
దిగాల్సిన చోట నీళ్ళు దిగకపోతే
వెనక నడిచొచ్చేవాటికి తొందరేముంది?"

పెన్సిలు నోట్లోంచి తీసి అడిగింది:
"అయితే ఆగిపోద్దా?"

నా తొట్టికి నాలుగు సిమెంటు పలకలు అంచు.
దానికి అంచేది?
వాళ్ళ మాస్టారు కూడా అన్నాడంట,
నెమ్మదించొచ్చు, ఎంతో ఎప్పుడో ఇంకా తేలలేదు అని.
బరంపురంలో పెద్ద చదువు చదివినాయన.
తెలీదని పిల్లలకి చెప్పాడంటే
మనిషి మీద గురి కుదిరింది.

తెల్లారగట్ల దాలయ్య వచ్చాడు.
వల వేసినచోట తేలలేదంట, బాగా పైకి పోయిందంట.
"ఈయేడు ఈడుపు ముందే తిరిగింది" అన్నాడు
చిక్కులోంచి ఎండ్రకాయ కాలు పీకుతూ.
పోయినేడూ అన్నట్టే గుర్తు.
లేక అంతకు ముందేడా?

రత్నం ఒడియాలో ఆరు వరసలు రాసి
నాకు చదివి వినిపించింది.
మధ్యలో ఒకచోట లుణొ అని వినపడింది.
ఆ మాట నాకొచ్చు,
పాతికేళ్ళుగా సంతలో దాన్నే కొంటున్నాను.

ఆకాశంలో మబ్బు లేదు.
అయినా లేచి తొట్టి మీద తాటాకు కప్పి
పైన రాయి పెట్టాను.