సలహా పెట్టె

జహ్రా దాటినంక ఇసుకల ఒక గోడ.
గోడెనుక మా డ్యూటీ.
ఖర్చు తగ్గియ్యాలని పైనుంచి కాయిదం వచ్చిందట,
మెడల బిళ్ల ఏసుకున్న సారు ఒకడు
మెస్సుల చెంచాలు లెక్కవెట్టిండు.

సోమారం రెండో చాయ్ బంద్.
బుధారం బస్సుల ఏసీ.
బేస్తారం, ఊడ్చే ముగ్గురిల ఒకర్ని తగ్గిచ్చిన్రు:
ఆర్మూరు లింబాద్రి.
చీపురు మూలకు నిలవెట్టి
ఎవలకో అప్పజెప్పినట్టు దాన్నొకసారి సూసి పోయిండు.

ఏడో నంబరు షెడ్డు మాత్రం ఎవ్వలూ లెక్కవెట్టలే.
అండ్ల పద్దెనిమిది డిగ్రీల సల్లదనంల
పొడుగు పెట్టెలల్ల పండుకున్నయి అవి.
వాటికీ గడువుంటదట, బిస్కిట్ పుడ లెక్క.
ఒక్కపారన్న పేలకుంటనే పాతవడితె
కొత్తయి వస్తయి, రాత్రి లారీలల్ల.
నా అకామా గడువుకైతె
మూడు నెల్ల జీతం పట్టుకున్నరు.

ఎండపొద్దు ఆ షెడ్డుకు ఈపు ఆనిస్తె
రేకు అవుతలి సల్లదనం జెర తగులుతది.
సంపేటిదాని పక్కన సేద తీరుడు.
సిగ్గయితది.
ఐనా ఆనిస్త.

సలహాలుంటె రాసెయ్యిన్రని
గోడకు పెట్టె కొట్టిన్రు.
ఇంగ్లీషు రాదు, తెలుగులనే రాసిన:
"సారూ, ఏడో షెడ్డుల ఒక్క పెట్టె తక్కువ కొనున్రి.
లింబాద్రి మల్లొస్తడు. చాయ్ గూడ."
కింద పేరు రాసి, కొట్టేసి, మల్ల రాసిన.

ఐతారం డ్యూటీకి పోతె పెట్టె లేదు.
దాని తాళం తీసేటోనికి జీతం దండుగట.
మేకు మిగిలింది.
చెమట తువ్వాల దానికే తగిలేసిన.