నునుపు

క్యాంపుకి నేను రాసుకెళ్ళిన పేర్లు అరవై మూడు.
వచ్చింది పదకొండు మంది.
మిగతావాళ్ళకి కలుపు, కూలి, మేకల ఈత.
ఒకామెకి ఉత్త సిగ్గు.

మౌలాబీ చూపించుకోడానికి రాలేదు.
కోడలికి తోడొచ్చింది,
ఒళ్ళో అరం, సగం అరిగిన గరిటె పెట్టుకొని.
ఉదయగిరి కొండ కింద నలభై ఏళ్ళుగా
నర్దిచెక్కని చెంచాలుగా మారుస్తున్న చేతులు
ఆస్పత్రి వరండాలోనూ ఊరకుండవు.

నర్సమ్మ పళ్ళెంలో చెక్కపుల్ల కనపడింది.
తీసింది. బొటనవేలితో అంచు రాసింది.
"ఎవురుమే దీన్ని చేసింది?
పీచు లేస్తా ఉండాది.
ఇదా ఆడోళ్ళకి లోపల పెట్టేది?"

నర్సమ్మ కసిరి, దాన్ని బుట్టలో పారేసి
ఇంకోటి తీసింది.
ఆ రెండోదాన్ని కళ్ళతోనే తడిమి
"ఇది కాస్త మేలు" అని
తనే ముందు బల్లెక్కింది మౌలాబీ.

తెరకవతల మాటలు.
ముట్టాగి ఆరేళ్ళంట.
పోయిన రంజానుకి మళ్ళీ కనపడిందంట.
వేడి అనుకొని సబ్జాగింజలు తాగిందంట.
పాతచీర పేలికలు రాత్రిపూట ఉతికి
చెక్కపొట్టు బస్తాల ఎనక ఆరేసిందంట.

నెలకి రెండుసార్లు పోతాను వాళ్ళింటికి.
ఎప్పుడు పోయినా
కోడలి బిడ్డ బరువే అడిగాను నేను.

మూడు వారాలకి కాగితం వచ్చింది.
తిరుపతి పొమ్మన్నారు.
గూడూరు దాటాక, నిమ్మతోటల మీదుగా చూస్తా
ఉన్నట్టుండి అనింది:
"చెక్క కొనేటప్పుడు తట్టి చూస్తాం గదమ్మే.
పైకి ఎంత బాగున్నా
లోపల పురుగుంటే చప్పుడు తేడా.
ఇంతకాలం నా చేతి కూడు తిన్నోళ్ళల్లో
నన్ను తట్టినోళ్ళు లేరు."

నేను టికెట్లు మడిచి, విప్పి, మడిచాను.

కరెంటు పెట్టించుకొని తిరిగొచ్చాక
గాజులు మోచేతి దాకా జారే చేత్తో
పది రోజులు కూర్చొని చేసిందొకటి.
అదే పుల్ల. కలివి చెక్కతో.
అరం పట్టి, ఆకు పట్టి, ఆఖరికి
తన చీరకొంగుతో రుద్ది.
"ఆ నర్సమ్మకి చూపీ. ఇట్టుండాల."

నర్సమ్మ నవ్వి తిరిగిచ్చేసింది,
ఇట్టాంటివి వాడకూడదంట.

ఇప్పుడది నా సంచిలో ఉంటుంది,
జ్వరం బిళ్ళల పక్కన.
ఏ ఇంటికి పోయినా ముందు దాన్ని చేతికిస్తాను.
పట్టుకో. ఇంతే. ఇంత నునుపు.

ఆ సిగ్గుపడినామె నిన్న
చానాసేపు అరచేతిలో తిప్పి తిప్పి చూసి
ఏం మాట్లాడకుండా ఇచ్చేసింది.
ముల్లేమన్నా తగులుద్దేమోనని వెతికినట్టు.

ఈ పొద్దు మళ్ళీ పోవాల వాళ్ళింటికి.