తరుగు

దామలచెరువు మండీలో
ఇరవై రెండేండ్లుగా నేను రాసేది ఒకటే.
తోతాపురి ఇన్ని టన్నులు, పోగా తరుగు ఇంత.
రైతు నా పెన్ను తట్టు చూస్తాడు,
నేను కాగితం తట్టు.

ఉగాదికి ముందర
పాకాల ఆస్పత్రిలో ఇంకెవరో నా లెక్క రాసినారు.
చక్కెర రెండొందల తొంభై.
"రోజూ నడువు భూషణమ్మా" అనింది డాక్టరమ్మ.
నడకా?
బస్సు కాడినుంచి మండీకి, మండీలోనుంచి లారీకి,
చీటీ పట్టుకొని మళ్ళీ షెడ్డుకి,
నడిచి నడిచే గదా నలభై ఏడుకు వచ్చింది!
నా కాళ్ళకు నడకంటే కూలిపని.

ఆ రాత్రి
ట్రంకుపెట్టె అడుగున చీరకు మాదిరిగా
మడతపెట్టిన కోరికొకటి బయటికి తీసినాను.
మా అన్నకు కొనిచ్చిన ఎర్ర సైకిలు.
తుడిచేది నేను,
తోసుకుంటా పోయి గాలి కొట్టించుకొచ్చేది నేను,
ఎక్కేది వాడు.

అంతలో సీజను.
ఊరంతా పండు వాసన, ఈగలు, హారన్లు.
నాకు రాగిసంగటి చిన్న ముద్ద, పుల్లగూర,
చక్కెర లేని టీ.
మా ఆయన పెరట్లో అవతలికి తిరుక్కొని
ఇమాంపసంద్ తింటాడు పాపం, నాకు కనపడకుండా.
వాసన మాత్రం ఇటు తిరుక్కొనే వస్తుంది.
ఒకరోజు తట్టుకోలేక టెంక చీకినాను.
అది కూడా రాసుకున్నాను చీటీలో.

ఆడికృత్తిక పోయినాక మండీ ఖాళీ.
వాచ్‌మన్ కూతురు హంసవేణికి
బడిలో ఇచ్చిన సైకిలుంది.
"కింద చూడొద్దు పెద్దమ్మా,
పొయ్యే తట్టు చూడు" అంటుంది.
పొయ్యే తట్టు ఎప్పుడు చూసినాను గనక?
రెండో రోజు ఊకబస్తాల మీద పడినాను.
నాలుగో రోజు బస్తాలు లేనిచోట పడినాను.
లోడెత్తే పిలకాయలు ఒకటే నవ్వు
"అక్కా, దెబ్బ తగిలిన కాయ తరుగులోకే!"
మోకాలికి పసుపు అద్దుకుంటా
నేనూ నవ్వినాను, ఏడుపొస్తావున్నా.

పొద్దుగూకే ముందు
ఎవరూ లేనప్పుడు క్రేట్ల కాటా ఎక్కేదాన్ని.
డెబ్బై ఎనిమిది. డెబ్బై ఎనిమిది.
ఒక వారం డెబ్బై తొమ్మిది, కాటాను తిట్టినాను.
తర్వాత ఎప్పుడో డెబ్బై నాలుగు.
"తరుగు నాలుగు" అని పైకే చదివినాను,
పరీక్ష పాసైన పిల్ల మాదిరిగా.

వెనకాల ఎవరో దగ్గినారు.
బాకీ డబ్బులకు వచ్చిన దొరస్వామి నాయుడు,
వల్లివేడు పక్క రైతు.
"నీకు తరుగు పోతే సంబరం తల్లీ" అన్నాడు,
కోపం లేదు గొంతులో.
"మాకు పోతే యాడ తూచుకోవాల?"

కాటా దిగినాను.
చెప్పులు వెతుక్కునే వంకతో చానాసేపు వంగి ఉన్నాను.
ఆయన చీటీ మళ్ళీ తీసి చూస్తే
నా చేతిరాతే, గుండ్రంగా, అందంగా.
తరుగు రేటు నాది కాదు, యజమానిది.
రాసిన చెయ్యి మాత్రం నాదే.
ఆ రాత్రి సంగటి ముద్ద ఇంకా చిన్నదయింది,
పథ్యం వల్ల కాదు.

చక్కెర నూట డెబ్బైకి దిగింది.
మళ్ళీ పెరగొచ్చు, డాక్టరమ్మ ముందే చెప్పింది.
వచ్చే సీజనుకు యజమానిని ఒక మాట అడగాలని
చీటీ వెనక రాసి పెట్టుకున్నాను.
అడుగుతానో లేదో.

నిన్న మాత్రం గేటు దాటినాను.
నేండ్రగుంట రోడ్డులో చింతచెట్ల కింద
హంసవేణి వెనక పట్టుకోలేదని
తిరుక్కొని చూడకుండానే తెలిసింది,
దాని నవ్వు దూరంగా వినపడింది కాబట్టి.
చీర కుచ్చిళ్ళు బొడ్లో దోపుకొని,
ఎదురుగాలి మొహానికి కొడతావుంటే
తొక్కతానే ఉన్నాను.

దిగేది ఇంకా నేర్చుకోలేదు.