పలుపు

నాయన పోయిన పదకొండో దినం
పిండం కాకి ముట్టలే.
మిద్దె మీద, కంపచెట్టు మీద, కరెంటు తీగ మీద
కూర్చున్నాయి గాని దిగలే.
పెద్ద ఈరన్న మామ గొంతు సవరించుకోని అన్నాడు:
"ఉరుకుందప్పకు సుంకులమ్మ బాకీ ఉండాది.
దున్న తెగేదాకా మనిషి గడప దాటడు."

ఆ బాకీ నాది.
పన్నెండేండ్లప్పుడు జరమొచ్చి కండ్లు తేలేస్తే
అక్కడ ఆదోని ఆస్పత్రిలో సూది,
ఇక్కడ ఇంటికాడ నాయన మొక్కు.
ఏది పనిచేసిందో ఎవురూ అడగలే.
సూదికి దుడ్డు ఆ పొద్దే కట్టినాం.
మొక్కుకు ఎమ్మిగనూరు సంతలో
ఒక దున్నదూడ. చెవి చీల్చి వదిలినాం.

దినాలైన రాత్రి నుంచి మాయమ్మ
ఒక సంగటి ముద్ద ఎక్కువ కెలికేది.
పటం ముందర కాదు, గాటికాడ పెట్టేది.
"ఉప్పు సాలిందా?" అని అడిగేది.
దున్న చెవులాడిస్తే
"సాల్లేదంట" అని లోపలికి పోయేది.
పటానికి దండ వెయ్యనీలే.
నాయన మంచం గోడకు నిలబెట్టింది నిలబెట్టినట్టే.

దేవర దున్నను ఎవురూ కొట్టరు.
శెనక్కాయ చేన్లో పడి మేస్తాంటే
కురువ మల్లమ్మ చేతులు జోడించి
"ఇంక చాలు, పో సామీ" అనేది.
నాయన బతికుండంగా
గట్టు మీద ఒక జొన్నకంకి విరిచినాడని
పంచాయితీ పెట్టిందీ ఆ మల్లమ్మే.

మూడేండ్లు వాన లేదు, దేవర లేదు.
మూడేండ్లు నాయన చావలే.
నాలుగో ఏడు ఉల్లిగడ్డకు ధర పలికింది.
దండోరా పడింది.

మంగళవారం తెల్లార్జామున
బోరుకాడ కడిగినా. పసుపు పూసినా.
మెడకింద గోకితే
తల ఎత్తి నా భుజానికి ఆనించింది,
రోజూ మాదిరే.

తప్పెట్ల నడుమ ఆసాది నరసన్న
అమ్మవారిని తిట్టి తిట్టి పాడినాడు.
ఆ తిట్లలో రెండు నాకు అరువు కావాలనిపించింది.
నీళ్లు చల్లినారు. ఒళ్లు విదిలించలే.
మళ్లా చల్లినారు.
ఊరంతా ఊపిరి బిగబట్టింది.
మాయమ్మ గుంపులోనించి ముందుకొచ్చి
చీలిన చెవిలో ఏందో చెప్పింది.

విదిలించింది.

నేను చూడలే. విన్నా.
తర్వాత గుడి ముందర తల,
నోట్లో ముందరికాలు, నొసట దీపం.
పొలి చల్లను మొగోళ్లు చీకట్లోకి ఉరికినారు.
మాయమ్మ కొంగు నేలకేసుకోని
"పోయినాడే హులిగీ, మీ నాయన పోయినాడే" అనింది.
మూడేండ్ల కిందటి ఏడుపు, కొత్తగా.

ఇంటికొచ్చి
పలుపును రెండు నీళ్లలో జాడించింది.
ముడులు పండ్లతో విప్పింది.
నాయన మంచానికి నులక తెగినకాడ దాన్ని అల్లి, బిగించి,
నడిమింట్లో వాల్చింది.
"పండుకో పాపా" అనింది.

నేను కింద సాప మీదనే పండుకున్నా.
ఇప్పటికీ అంతే.

చెవిలో ఏం చెప్పినావని
ఇంతవరకు అడగలే.
అడిగితే
ఉప్పు మాటే అంటాదేమో.