మైనస్ ఏడు

గ్రిమ్స్‌బీలో ఆదివారమైనా గాలికి సెలవుండదు.
చేపల రేవు వెనక, మూతపడ్డ ఐసు ఫ్యాక్టరీ గోడ
నా పరీక్ష కాగితం.
ఎర్ర ఇటుకలు, మధ్య మధ్య సున్నపు గీతలు,
ఎవరో సగం చెరిపేసిన ఫుట్‌బాల్ తిట్టు.
ముక్కాలి స్టాండుకి కూరగాయల సంచి వేలాడదీశాను,
లోపల రెండు కిలోల బంగాళాదుంపలు,
అది కదలకుండా.

కెమెరా నాది కాదు. అంటే మొన్నటిదాకా కాదు.
ఆలన్ థర్కెల్ గారిది. లెన్సుతో సహా నలభై పౌండ్లు.
"లెన్సు మెత్తబడిందమ్మా.
ఒకప్పుడు దీంతో పడవ తాళ్లలో పోగులు లెక్కపెట్టేవాణ్ణి.
ఇప్పుడంతా గంజి."
అంత నిజాయితీగా అమ్మేవాడితో బేరమేం ఆడను?

మొదటి రోజు చేత్తోనే తీశాను.
తెర మీద పెద్దది చేసి చూస్తే
ఒక్కో ఇటుకకీ ఒక్కో కవల.
ఆడలేక మద్దెల ఓడు అనడం ఎంత సుఖం!
లెన్సుని తిట్టాను, రెండు భాషల్లో.
తర్వాత చూసుకుంటే షట్టరు సెకనులో ముప్పయ్యో వంతు,
నా నరాల్లో అప్పుడే తాగిన మూడో కాఫీ.

రెండో వారం స్టాండు.
మూడో వారం రెండు సెకన్ల టైమరు, వేలు కూడా సోకకుండా.
నాలుగో వారం ముందున్న ఫిల్టరు విప్పితే
దాని మీద నూనె బొటనవేలి ముద్ర,
ఏ సాయంత్రపు చేపల వేపుడిదో.
ఎపర్చరు ఎనిమిదికి తెచ్చాక మూలలు కూడా మాట విన్నాయి.
పదహారు దాటిస్తే మళ్లీ అలక.

గోడ తేరుకుంది. మనుషులే తేరుకోలేదు.
ఎపర్చరు బార్లా తెరిచి
చేపల కొట్టు మొరీన్ కంటికి గురిపెడితే
కన్ను పొగమంచు. చెవి మాత్రం
తమ్మెలో పూడిపోయిన కన్నంతో సహా స్పష్టం.
"నా చెవి ఇంత ముసలిదా!" అంది,
కాడ్ చేప తోకతో నన్ను బెదిరిస్తూ.
అప్పుడు వెలిగింది నాకు.
ఈ లెన్సు బాగానే చూస్తోంది,
నేను చెప్పిన చోట కాదు, బెత్తెడు వెనక.

వంటింటి బల్ల మీద స్కేలు ఏటవాలుగా ఆనించాను.
పదిహేనుకి గురి. పదిహేడు దగ్గర గీతలు మెరుస్తున్నాయి.
కెమెరా మెనూలో ఎవరూ అడుగుపెట్టని అట్టడుగున
సవరణ అని ఒక అంకె.
మైనస్ మూడు.
మైనస్ అయిదు.
మైనస్ ఏడు.
పదిహేను, సూదిలో ఎక్కిన దారంలా.

నిజానికి వారమంతా నా ఉద్యోగం ఇదే.
ఫ్రీమన్ స్ట్రీట్‌లో కళ్లద్దాల దుకాణం,
చీకటి గదిలో ముఖాలకి ఇనుప చట్రం తొడిగి
"ఒకటి బాగుందా, రెండు బాగుందా?"
జనం భయపడతారు, తప్పు జవాబు చెప్పేస్తామేమోనని.
ఆదివారం నాకు నేనే పేషెంటుని.
రెండు ఫొటోలు పక్కపక్కన పెట్టుకుని
ఒకటా... రెండా... టీ చల్లారిపోతుంది.
పదును పెంచే మీట ఇంకొంచెం జరిపితే
ఇటుకల అంచులకి తెల్లటి కాటుక.
వద్దు. వెనక్కి.

గురువారం థర్కెల్ గారొచ్చారు, అద్దాలు మార్చాలని.
కిటికీ వెలుగులో నిలబెట్టి అప్పటికప్పుడు తీసి చూపించాను.
కనుబొమలో విడివిడిగా వెంట్రుకలు,
చలికి చిట్లిన పెదవి,
చొక్కా మూడో గుండీకి వేరే రంగు దారం.
దగ్గరికి పట్టుకున్నారు, దూరానికి, మళ్లీ దగ్గరికి.
"చెప్పానుగా," అన్నారు నా మీద జాలితో,
"మెత్తబడిందని."

నేనేమీ అనలేదు.
గదిలో దీపం ఆర్పి
చిన్న లైటు ఆయన కంటిపాపలోకి వేశాను.
నల్లగా ఉండాల్సిన చోట పాలెక్కువైన టీ.
"గడ్డం ఇక్కడ ఆనించండి. కదలకండి."
ఇద్దరం ఊపిరి బిగబట్టాం.