ఎనిమిదో బెజ్జం

ట్యాపంటే మా ఇంట్లో వాళ్లకు కొళాయి.
నాకు మాత్రం ఉక్కులో మర కోసే పుల్ల,
చూపుడువేలంత,
నూనె కాగితం చుట్టుకుని అద్దాల పెట్టెలో పడుకునేది.

చిత్తూరు బజారువీధి, జబ్బార్ సాబు అంగడి.
శనివారం సాయంత్రం, కూలి డబ్బులు జేబులో ఇంకా వెచ్చగానే ఉన్నాయి.
పది ఎమ్మెమ్ అంటే చాలు,
మూడు తీసి గుడ్డ మీద పరుస్తాడు.
నేను ముందు ధర అడగను.

మొదటిది బంగారు రంగు. గీరి చూస్తే
నా గోట్లోకే వచ్చింది ఆ బంగారం.
రెండోదాన్ని ట్యూబులైటుకు ఎత్తి పట్టాను:
పాత దువ్వెన లెక్కన ఒక పన్ను పొడుగు, ఒకటి పొట్టి.
కాడ మీద పేరు లేదు.
పేరు చెప్పుకోను సిగ్గుపడేది
స్టీలు ముందర ఏం నిలబడుతుంది?
మూడోది మసక రంగు.
గాడిలో వేలు పోనిస్తే
ఏటి రాయంత నునుపు. అంచు దగ్గర మాత్రం
వేలిని వద్దంది.
అదీ.

అవతలికి తేలే బెజ్జమైతే రజను ముందుకు తోసేది కావాల,
అడుగుండే బెజ్జమైతే పైకి లాగేది.
ఇది తెలీకుండా ఎంత పెట్టి కొన్నా
పూడిక తీసి మళ్లా బావిలోనే పోసినట్టు.
ఏకాంబరం మేస్త్రి మాట.
ఆయన చెప్పినప్పుడు తలకెక్కలేదు.

బంగారుపాళ్యం పక్కన గుజ్జు ఫ్యాక్టరీ, మే నెల రాత్రి.
గేటు నుంచి రోడ్డు దాకా తోతాపురి ట్రాక్టర్లు.
ఫ్లాంజి స్టెయిన్‌లెస్, పన్నెండు బెజ్జాలు,
నా సంచిలో తొంభై రూపాయల ట్యాపు.
వాళ్ల డ్రిల్లింగ్ మిషన్ కిందే పెట్టి కోశాను.
ఏడింటిలో అణిగిమణిగి పోయింది.
ఎనిమిదో దాంట్లో కీచుమంది. విన్నాను.
విని కూడా లివరు వెనక్కి తిప్పలేదు.
టప్.
చింతగింజ పగిలినంత శబ్దం.

విరిగిన ట్యాపును ఏ డ్రిల్లూ కొరకదు.
సన్నటి పంచితో పలుకు పలుకుగా
తెల్లారేదాకా పొడిచాను.
ట్రాక్టరు దిగి వచ్చిన చెంగమ్మ
అడక్కుండానే టార్చి పట్టింది.
చాలాసేపటికి అంది:
"ఇంత పుల్ల ఇరిగితేనా సామీ,
ఇంత ఫ్యాక్టరీ నిలబడిపోయిండేది?"
నేను పలకలేదు.
ఆమె కాయల వాసన గోడ దాటి వస్తోంది,
ముందు తీపిగా,
మూడు గంటలప్పటికి పుల్లగా.

మరలంటే బెజ్జంలో చుట్లు,
మరలడమంటే వెనక్కి తిరగడం.
రెండోది చేతగానోడికి మొదటివి దక్కవురా అని
బడి మొహం చూడని ఏకాంబరం నవ్వేవాడు.
విరిగిన మొదలు ఇప్పటికీ నా జేబులోనే,
చిల్లరతో కలిసి అరుగుతా ఉంటుంది.

ఈ శనివారం అంగడిలో నా పక్కన ఒక పిల్లోడు.
వేళ్ల సందుల్లో గ్రీజు, మీసం ఇంకా మొలకే.
"ఉండేవాట్లో తక్కువదియ్యి సాబూ."
జేబులో ముక్క తీసి వాడి అరచేతిలో పెట్టి
కథంతా చెప్పాలని నోరు తెరిచాను.
వాడు నా చేతిలో మూడోదాన్నే చూస్తున్నాడు.
"అదే మంచిదని నాకూ తెల్సన్నా.
ఓనరు నూరే ఇచ్చినాడు."

ఆ తొంభై రూపాయలు కూడా
నేను లెక్కగట్టినవి కావని
ఇన్నేళ్లుగా నాకెందుకు తట్టలేదో!

కథ మింగేశాను.
"అయితే ఎనిమిదిన్నర కాదబ్బోడా,
ఎనిమిది పాయింటు ఏడు డ్రిల్లు ఎయ్యి.
నూనె జాస్తిగా పొయ్యి.
పక్కన ఫ్యానుంటే ఆపేసి చెవి పెట్టు.
ఇరిగే ముందు అది చెప్తాది."

బంగారు రంగుదాన్ని చొక్కా జేబులో వేసుకుని
సైకిలెక్కి పోయాడు.
సాబు రెండోదాన్ని తుడిచి పెట్టెలో పెట్టి
నా వైపు చూశాడు.
అప్పుడడిగాను, ధర.