ఐదుగురి లోపు

సోహార్ల పొద్దుగూకుతాంది.
చేపల మార్కెట్ దిక్కు నుంచి వచ్చే ఉప్పుగాలి
ఇస్త్రీ ఆవిరిల కలిసి
దుకాణమంత తడితడిగ ఉంది.
ఫోను కౌంటర్ మీద ఆనించి
జువైనా బడ్జెట్ చదువుతాంది,
సగం అరబ్బీ, సగం హిందీ,
మాకు సమజ్ గాని చోట వేళ్ళు.

ఆమె వచ్చి పద్దెనిమిది దినాలు.
లెక్కల డిప్లొమా చేసి మూడేండ్లు
ఇంట్లనే కూసున్నదట.
ఇప్పుడు ఆమె జీతంల సగం సర్కారు ఇస్తది, రెండేండ్ల దాక.
అర్బాబ్ ఆమెకు కుర్చీ కొన్నడు.
మాకు స్టూళ్ళే.
తప్పు పట్టుడు కాదు,
మిషను ముందట కుర్చీ పనికిరాదు.

"పరాయి దేశపోళ్ళు ఐదుగురి లోపు ఉంటే
లైసెన్సు ఫీజు మాఫీ.
కిరాయిల మూడోవంతు వాపసు.
కొత్త మిషన్లకు మిత్తి లేని అప్పు."
ఆమె గొంతుల సంబురం.
అర్బాబ్ దేవునికి దండం వెట్టి
కండ్లద్దాలు తుడుసుకొని
మమ్ముల చూసిండు.
చూసుడు గాదది.
లెక్కవెట్టుడు.

కత్తెర మీద కుంజుమోన్.
కుట్టు మీద నేను, దిల్ బహదూర్.
కాజాలకు సియాల్‌కోట్ ముసలాయన అల్లాదిత్తా.
ఇస్త్రీకి షఫీకుల్.
ఐదుగురం.
ఐదు లోపు అంటే నాలుగు.
ఒకటో తరగతి తీసివేత,
కాకపోతే ఆ ఒకటికి పేరుంటది.

"నన్ను కలిపితే ఆరు గదా?" అన్నది జువైనా.
"నువ్వు లెక్కల రావు బిడ్డా,
నువ్వు ఈ దేశపుదానివి" అన్నడాయన.

సిరిసిల్లల మా నాయిన గూడ
ఇట్లనే రేడియో ముందట కూసునేటోడు.
నూలు మీద రాయితీ అని ఒక యేడు,
కరెంటు సగం ధరకని ఇంకో యేడు.
రాయితీ వస్తే ఆసామి సాంచాలు పెంచిండు,
రాకపోతే మనుషులను తగ్గించిండు.
బడ్జెట్ల మా పేరు ఎన్నడు రాలే.
వస్తే సాంచా పేరే వచ్చేది.
అయినా నాయిన బీడీ ఆర్పి మరీ వినేటోడు.

ఆ రాత్రి మంచం మీద నేనూ లెక్కవెట్టిన.
నేను వచ్చి పదకొండేండ్లు.
దిష్‌దాషా మెడకు ఏలాడే ఫురాఖా
ఈ గల్లీల నా అంత సాఫుగ ఎవడూ పేనడు.
కుంజుమోన్ లేకుంటే బట్ట తెగదు.
ముసలాయన కాజాల కోసమే కొందరు గిరాకీలు వస్తరు.
దిల్ బహదూర్ అప్పు తెచ్చి వచ్చిండు.
ఇస్త్రీ అంటే…
ఇస్త్రీ ఎవరైనా చేస్తరు.
అర్బాబ్ నోరు తెరవకముందే
షఫీకుల్‌ను నేను పంపేసిన.
పై మంచం మీద వాడు గురక పెడుతుండు.

తెల్లారి అర్బాబ్ చెప్పింది వేరే మాట.
"ఈ పిల్లకు ఫురాఖా నేర్పు."

నేర్పిన.
మొదటిది ఎలుక తోక తీరు వచ్చింది.
ఇప్పి మల్ల పేనుమన్న.
రెండోది వంకర.
నాలుగోది చేతిల పట్టుకొని
ఆమె నవ్వుతాంటే
నా బొటనేలు ఊకె ఊకె
ఉత్తదారం పేనుతాంది.
మంచి చెయ్యి పిల్లది.
ఆ మాట పైకి అన్న గూడ.
రెండేండ్లు అంటే ఏడువందల ముప్పై దినాలు,
ఇయ్యాల్టితో ఒకటి పాయె.

ఆమె పేనిన మొదటి దిష్‌దాషా
ఇస్త్రీ బల్ల మీదికి వచ్చింది.
షఫీకుల్ నీళ్ళు చిలకరించి
మెడ కాడ పెట్టె తాకకుండ
కుచ్చును రెండేళ్ళతో పక్కకు జరిపిండు,
పసిపిల్ల జుట్టు సదిరినట్టు.
అట్ల జరపాలని వానికి ఎవలూ చెప్పలే.
ఎవరైనా చేస్తరనుకున్న పని.

తల ఎత్తకుండనే అడిగిండు,
"భాయ్, నాకు అరబ్బీ రాదు.
మొన్న ఆ పిల్ల చదివింది గదా,
మన దుకాణానికి మంచిదేనా?"

నా నోట్ల గుండుసూదులున్నయి.
నోట్ల సూదులుంటే మాట్లాడొద్దని
ఈ పనిల చేరిన మొదటి దినమే చెప్తరు.
ఒక్కొక్కటి తీసి
గుచ్చాల్సిన చోటు లేకున్నా
బట్టకు గుచ్చుతున్న.